చేతులు కలిశాయి, తుపాకులు ఆగలేదు: బాబ్ మార్లీ శాంతి కచేరీ వెనుక కథ

హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా కుర్రకారు టీషర్టులు అమ్మే దుకాణంలో చే గువేరా పక్కనే వేలాడే బొమ్మ జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీది. జడలు కట్టిన జుట్టు, ముఖం చుట్టూ పొగ, ఎరుపు పసుపు ఆకుపచ్చ చారలు. ఆ బొమ్మ చెప్పే కథ చాలా సులువైనది: అందరూ ప్రేమగా ఉండాలని పాడుకుంటూ తిరిగిన నిశ్చింత మనిషి. ఇందులో పచ్చి అబద్ధమేమీ లేదు కానీ, అసలు సంగతిలో సగం కూడా లేదు. ఆయన సొంత ఊళ్లో శాంతి కావాలని అడిగింది ఎవరు, ఎందుకు అడిగారు, ఆయనతో కలిసి పాట నేర్చుకున్న స్నేహితుడే ఆ శాంతిని ఎందుకు ఎగతాళి చేశాడు అన్నవి తెలియకుండా ఆ పాటలు వింటే అవి కాలక్షేపానికి మాత్రమే పనికొస్తాయి.

ఒక ఫోటో నుంచి మొదలుపెడదాం. 1978 ఏప్రిల్ 22 రాత్రి జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని నేషనల్ స్టేడియంలో తీసినది. మధ్యలో మార్లీ. ఒక పక్క ప్రధానమంత్రి మైకేల్ మ్యాన్లీ, మరో పక్క ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగా. ఇద్దరి చేతులనూ మార్లీ తన తల మీదుగా ఎత్తి కలిపి పట్టుకున్నాడు. నాయకులిద్దరి ముఖాల్లోనూ ఇబ్బంది దాగడం లేదు. రెగే సంగీతం శాంతి కోసం ఏం చేసిందో చెప్పమంటే ప్రపంచమంతా చూపించేది ఈ ఫోటోనే. అయితే ఆ తర్వాత రెండేళ్లకు జరిగిన ఎన్నికల్లో అదే జమైకాలో 800 మందికి పైగా హతమయ్యారు. అప్పటికి ఆ దేశ జనాభా సుమారు 21 లక్షలు. మరి ఆ ఫోటోకు అర్థం ఏమిటి? పాట ఓడిపోయిందా, లేక పాట మీద మనం మోపిన బరువే తప్పా?

దీనికి జవాబు కావాలంటే ముందు కింగ్‌స్టన్ పడమటి పేటల్లో రాజకీయం ఎలా నడిచేదో చూడాలి.

జమైకా 300 ఏళ్లకు పైగా బ్రిటిష్ పాలనలో ఉండి 1962 ఆగస్టు 6న స్వతంత్రమైంది. చెరకు తోటల్లో బానిసలుగా పనిచేయడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన వారి సంతతే అక్కడి జనాభాలో అత్యధికులు. స్వాతంత్ర్యానికి ముందే రెండు పార్టీలు స్థిరపడ్డాయి. ఒకటి నార్మన్ మ్యాన్లీ 1938లో స్థాపించిన పీపుల్స్ నేషనల్ పార్టీ, రెండోది ఆయన బంధువే అయిన అలెగ్జాండర్ బుస్టమాంటే 1943లో పెట్టిన జమైకా లేబర్ పార్టీ. వరసకు దాయాదులైన ఇద్దరు పెద్దమనుషుల పోటీ క్రమంగా పేదల పేటల్లో రక్తపాతంగా మారింది. పై నుంచి చూస్తే ఇది సోషలిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ మధ్య పోరు. 1972లో నేషనల్ పార్టీ తరఫున అధికారంలోకి వచ్చిన నార్మన్ కొడుకు మైకేల్ మ్యాన్లీ క్యూబాతో స్నేహం చేశాడు, బాక్సైట్ తవ్వే విదేశీ కంపెనీల మీద కొత్త సుంకం వేశాడు, అమెరికాకు కంటగింపు అయ్యాడు. లేబర్ పార్టీ నేత సియాగా అమెరికా వైపు మొగ్గాడు. పేటలో ఉండే మనిషికి మాత్రం పార్టీ అంటే సిద్ధాంతం కాదు. పార్టీ అంటే ఇల్లు.

ఇది అలంకారానికి అన్న మాట కాదు. 1960లలో సియాగా మంత్రిగా ఉండగా కింగ్‌స్టన్ పడమటి వైపున బ్యాక్ ఓ వాల్ అనే మురికివాడను బుల్డోజర్లతో నేలమట్టం చేయించి, ఆ స్థలంలో టివోలీ గార్డెన్స్ అనే కొత్త కాలనీ కట్టించాడు. నీళ్లు, కరెంటు, బడి, ఆసుపత్రి ఉన్న కాలనీ. ఆ ఇళ్లు దక్కింది ఆయన పార్టీ వారికి. ఖాళీ చేయించిన వారిలో చాలామంది రాస్తఫారీలు (ఇథియోపియా చక్రవర్తిని దైవంగా కొలిచే విశ్వాసం వారు), అవతలి పార్టీ వారు. తర్వాత మ్యాన్లీ ప్రభుత్వం వచ్చాక గృహనిర్మాణ మంత్రి ఆంథొనీ స్పాల్డింగ్ ట్రెంచ్ టౌన్ అనే పేట దాపున ఆర్నెట్ గార్డెన్స్ కట్టించాడు. అక్కడ ఇళ్లు మ్యాన్లీ పార్టీ వారికి. ఇల్లు ఇచ్చిన పార్టీ ఓడిపోతే ఇల్లు పోతుంది, ప్రభుత్వ పనుల్లో దొరికే కూలీ పోతుంది. కాబట్టి పేటను కాపాడుకోవాలి. కాపాడాలంటే తుపాకులు కావాలి. తుపాకులు పట్టుకునే కుర్రాళ్లకు ఒక నాయకుడు కావాలి. ఇలాంటి నియోజకవర్గాలను జమైకాలో గ్యారిసన్లు అంటారు, అంటే సైనిక స్థావరాలని. అక్కడి కొన్ని పోలింగ్ కేంద్రాల్లో ఓట్లన్నీ దాదాపు ఒకే పార్టీకి పడేవి. ఒక వీధి దాటితే శత్రుదేశం. అత్తగారింటికి వెళ్లాలన్నా దారి చూసుకుని వెళ్లాల్సిన పరిస్థితి.

రెగే పుట్టి పెరిగింది ఈ వీధుల్లోనే. 1950ల చివర వచ్చిన హుషారైన స్కా, 1966 ప్రాంతంలో నెమ్మదించి రాక్‌స్టెడీ అయి, 1968 నాటికి రెగేగా తేలింది. నాలుగు దెబ్బల తాళంలో సాధారణంగా బలంగా పడాల్సిన మొదటి దెబ్బను రెగే డ్రమ్ము వదిలేస్తుంది. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. గిటారు తాళం మీద కాకుండా తాళాల సందుల్లో పొడిపొడిగా మోగుతుంది. మిగతా సంగీతాల్లో వెనక ఉండే బేస్ గిటారు ఇందులో ముందుకొచ్చి రాగాన్ని నడిపిస్తుంది. వాద్యాల మధ్య ఇంత ఖాళీ ఉండటం వల్ల మాటకు చోటు దొరికింది. పాట వేగం తగ్గిన కొద్దీ చెప్పాల్సిన సంగతి పెరిగింది. రేడియోలో చోటు దొరకని పాటలు వీధుల్లో నిలువెత్తు స్పీకర్లు పెట్టి వినిపించే సౌండ్ సిస్టమ్‌ల ద్వారా జనంలోకి పోయేవి. ధరలు పెరిగినా, పోలీసులు ఎవరినైనా కొట్టినా, ఎక్కడైనా ఇళ్లు తగలబడినా వారం పది రోజుల్లో దాని మీద పాట వచ్చేది. చదవడం రాని పేటకు అదే పత్రిక.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి. సియాగా రాజకీయాల్లోకి రాకముందు రికార్డుల నిర్మాత. హార్వర్డ్‌లో చదువుకుని, పల్లెల్లో జానపద సంగీతం మీద పరిశోధన చేసి, సొంత రికార్డింగ్ కంపెనీ పెట్టి జో హిగ్స్ అనే గాయకుడి పాటను విడుదల చేశాడు. ఆ జో హిగ్సే తర్వాత ట్రెంచ్ టౌన్ పెరట్లో ముగ్గురు కుర్రాళ్లకు గొంతులు కలిపి పాడటం నేర్పాడు. ఆ ముగ్గురు బాబ్ మార్లీ, పీటర్ టాష్, బన్నీ లివింగ్‌స్టన్. వాళ్ల బృందం పేరు వెయిలర్స్. అటు మ్యాన్లీకీ పాట విలువ తెలుసు. 1972 ఎన్నికల ప్రచారంలో రెగే గాయకులను బండి మీద ఊరూరా తిప్పాడు, డెల్‌రాయ్ విల్సన్ పాటను ప్రచార గీతంగా వాడుకున్నాడు. అంటే రాజకీయానికి అంటకుండా పెరిగిన స్వచ్ఛమైన కళగా రెగేను ఊహించుకోవడం కుదరదు. మొదటి నుంచీ రెండు పార్టీల చేతులూ దాని భుజం మీద ఉన్నాయి.

మరి ఈ సంగీతానికి తనదైన ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది? రాస్తఫారీ విశ్వాసం నుంచి. 1930 నవంబరులో ఇథియోపియా చక్రవర్తిగా హైలే సెలాసీకి పట్టాభిషేకం జరిగినప్పుడు, ప్రపంచంలో ఒక నల్లజాతి రాజుకు కిరీటం పెట్టడం జమైకా పేదలకు ప్రవచనం నెరవేరినట్టు అనిపించింది. ఆఫ్రికా సంతతి వారు తమ గౌరవాన్ని తామే నిలబెట్టుకోవాలని అంతకుముందే జమైకా నాయకుడు మార్కస్ గార్వీ చెప్పిన మాటలు వారి చెవుల్లో ఉన్నాయి. సెలాసీని దైవంగా, తమను బానిసత్వంలో ఉంచిన పాశ్చాత్య వ్యవస్థను బైబిల్లోని బాబిలోన్‌గా భావించారు. జుట్టు కత్తిరించకపోవడం, శాకాహారం, ధ్యానానికి గంజాయి వారి ఆచారాలు. గంజాయి అక్కడికి వెళ్లింది మన వాళ్లతోనే. 1845 నుంచి 1917 వరకు సుమారు 36 వేల మంది భారతీయులను ఒప్పంద కూలీలుగా జమైకా తోటలకు తీసుకెళ్లారు. రాస్తఫారీలను జమైకా మధ్యతరగతి చీదరించుకునేది, పోలీసులు కొట్టేవారు. 1963లో కోరల్ గార్డెన్స్ ఘటన తర్వాత వారి మీద సాగిన పోలీసు హింసకు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో.

మార్లీ ‘వార్’ పాట ఈ విశ్వాసానికీ సమానత్వానికీ ఉన్న ముడిని బాగా చూపిస్తుంది. 1976లో వచ్చిన ఆ పాటలో మాటలు దాదాపు అన్నీ 1963 అక్టోబరు 4న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో సెలాసీ చేసిన ప్రసంగంలోవే. ఒక జాతి గొప్పది, ఇంకొకటి తక్కువది అనే సిద్ధాంతం పూర్తిగా అంతమయ్యే దాకా, మనిషి చర్మం రంగుకు కంటి రంగు కన్నా ఎక్కువ విలువ లేని రోజు వచ్చే దాకా శాశ్వత శాంతి కల మాత్రమేనని ఆ ప్రసంగం సారాంశం. పాట దాన్నే తిప్పి, అప్పటి దాకా యుద్ధమే అంటుంది. అంగోలా, మొజాంబిక్, దక్షిణాఫ్రికా పేర్లు పాటలోనూ వినిపిస్తాయి. దౌత్య భాషలో రాసుకున్న ప్రసంగాన్ని ఒక్క పల్లవి కూడా కట్టకుండా డ్రమ్ము మీద నడిపించడం సంగీతపరంగా సాహసమే. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ మాటలు అన్నది భూస్వామ్య వ్యవస్థ మీద కూర్చున్న చక్రవర్తి. 1973లో ఆయన దేశంలో వోలో ప్రాంతం కరవుతో అల్లాడింది, మరుసటి ఏడాదే సైన్యం ఆయనను దించేసింది. పాట వచ్చే నాటికి ఆయన చనిపోయి ఏడాది కావస్తోంది. రాస్తఫారీలు దీన్ని ఒప్పుకోరు. మాట నిజమైనదా, అన్నవాడు దానికి తగినవాడా అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని నాకు అనిపిస్తుంది. మార్లీ మొదటిదాన్ని పట్టుకున్నాడు, రెండోదాని జోలికి పోలేదు.

1976 నాటికి కింగ్‌స్టన్ రగులుతోంది. జూన్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మనసులు కాస్త చల్లబడాలని మార్లీ డిసెంబరు 5న ‘స్మైల్ జమైకా’ పేరుతో ఉచిత కచేరీకి ఒప్పుకున్నాడు, ప్రభుత్వం దానికి తోడు నిలిచింది. కచేరీ ప్రకటన వెలువడ్డాక మ్యాన్లీ డిసెంబరు 15న ఎన్నికలని ప్రకటించాడు. దాంతో పార్టీలతో పని లేదనుకున్న కచేరీ అధికార పార్టీ సభలా కనిపించసాగింది. డిసెంబరు 3 రాత్రి 56 హోప్ రోడ్డులోని మార్లీ ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్పులు జరిపారు. భార్య రీటా తలకు తూటా తగిలింది, మేనేజర్ డాన్ టేలర్‌కు తీవ్ర గాయాలయ్యాయి, మార్లీ ఛాతీని రాసుకుంటూ పోయిన తూటా చేతిలో దిగింది. అందరూ బతికారు. కాల్పులు ఎవరు చేయించారన్నది ఏ కోర్టులోనూ తేలలేదు. రెండు రోజుల తర్వాత ఆయన కట్టుతోనే వేదిక ఎక్కి గంటన్నర పాడి, చివర చొక్కా తొలగించి జనానికి గాయాలు చూపించాడు. ఆ వెంటనే దేశం వదిలి లండన్ చేరాడు. ‘ఎక్సోడస్’ ఆల్బమ్ ఆ ప్రవాసంలో పుట్టింది.

ఇక్కడి నుంచి కథలో అసలు మలుపు నాయకుల వల్ల రాలేదు, తుపాకులు పట్టుకున్న వారి వల్ల వచ్చింది. మార్లీ జీవితం గురించి చెప్పేవారు తరచుగా దాటేసే భాగం ఇదే. 1978 జనవరి మొదట్లో గ్రీన్ బే అనే చోట సైనికులు లేబర్ పార్టీ పేటకు చెందిన ఐదుగురు యువకులను ఉచ్చులోకి లాగి కాల్చేశారు. తమ ప్రాణాలు అటు పార్టీకీ ఇటు ప్రభుత్వానికీ లెక్కలేనివని రెండు వైపుల కుర్రాళ్లకూ అర్థమైంది. లేబర్ పార్టీ వైపు పేరుమోసిన ముఠా నాయకుడు క్లాడీ మాసప్, నేషనల్ పార్టీ వైపు ముఠా నాయకుడు బకీ మార్షల్ కలిసి కాల్పుల విరమణ ప్రకటించారు. ఏళ్ల తరబడి దాటని వీధులను జనం దాటారు. శత్రువుల పేటల్లో డ్యాన్సులు జరిగాయి. ఈ ఒప్పందాన్ని నిలబెట్టడానికి ఒక పెద్ద కచేరీ కావాలనుకున్నారు. మార్లీ రాకపోతే దానికి బలం లేదని మాసప్ లండన్ వెళ్లి ఆయనను ఒప్పించాడు. ఒప్పందం చేసుకున్నది రౌడీలే కదా అని తీసిపారేయడం తేలిక. కానీ ఆ రెండు పార్టీల్లో మంచి బట్టలు వేసుకున్న వాళ్లెవరూ అప్పటిదాకా చేయలేని పని వాళ్లు చేశారు.

‘వన్ లవ్ పీస్ కాన్సర్ట్’కు 32 వేల మందికి పైగా వచ్చారు. సెలాసీ జమైకా నేల మీద కాలుపెట్టి 12 ఏళ్లయిన సందర్భం కూడా అది. వసూలైన డబ్బుతో పడమటి కింగ్‌స్టన్‌లో మరుగుదొడ్లు, ఇళ్లు కట్టించాలన్నది నిర్వాహకుల ఉద్దేశం. మరుగుదొడ్లు అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ పేటల్లో శాంతి అంటే ఆకాశంలో ఎగిరే పావురం కాదు, ఒక నీళ్ల కొళాయి. పదహారు బృందాలు పాడాయి. మార్లీ చివర్లో వచ్చి, ‘జామింగ్’ పాట సాగుతుండగా ఆశువుగా మాటలు కలుపుతూ మ్యాన్లీనీ సియాగానూ పైకి పిలిచాడు. వేల మంది చూస్తుండగా రాకుండా ఉండే వీలు వారికి లేదు. ఫోటోలోని క్షణం అదే.

అయితే అదే వేదిక మీద, మార్లీ కన్నా ముందు, పీటర్ టాష్ పాడాడు. ఆయన భాగాన్ని చాలామంది మరిచిపోయారు. టాష్‌కు ఈ కచేరీ పేరే నచ్చలేదు. శాంతి అనేది సమాధి మీద రాయించుకునే పట్టా లాంటిదని వేదిక మీదే వెక్కిరించాడు. ఎదురుగా ప్రధాని, ప్రతిపక్ష నేత కూర్చుని ఉండగా పాటలు ఆపి చాలాసేపు మాట్లాడాడు: బానిసత్వం నాటి నుంచి సాగుతున్న వ్యవస్థ గురించి, పేదవాణ్ని కొట్టే పోలీసుల గురించి, నేరమని చెప్పి కుర్రాళ్లను జైళ్లలో తోసే గంజాయి చట్టం గురించి. మాట్లాడుతూనే గంజాయి చుట్ట వెలిగించాడు. అంతకుముందు ఏడాది వచ్చిన ఆయన ఆల్బమ్ పేరే ‘ఈక్వల్ రైట్స్’. అందరూ శాంతి శాంతి అంటున్నారు, న్యాయం కావాలని ఎవరూ అనడం లేదు, తనకు మాత్రం సమాన హక్కులూ న్యాయమూ కావాలన్నది అందులోని ముఖ్య పాట సారం. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద నేరుగా పేరుపెట్టి రాసిన పాట కూడా ఆ రికార్డులోనే ఉంది. ఆ ప్రసంగానికి మూల్యం అదే ఏడాది సెప్టెంబరులో తెలిసింది. పోలీసులు టాష్‌ను గంజాయి పేరుతో పట్టుకెళ్లి చితకబాదారు. చేయి విరిగింది, తల పగిలింది. చచ్చినట్టు పడి ఉండబట్టే బతికానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

మూడో మిత్రుడు బన్నీ ఆ కచేరీలో పాల్గొననే లేదు. ఒకే పెరట్లో ఒకే గురువు దగ్గర గొంతు కలిపిన ముగ్గురు శాంతి దగ్గరకు వచ్చేసరికి మూడు దారులు పట్టారు. చేతులు కలిపించినవాడు ఒకడు, నిలదీసినవాడు ఒకడు, నమ్మక దూరంగా ఉన్నవాడు ఒకడు.

మార్లీ మెత్తనివాడు, టాష్ నిప్పు అని దీన్ని తేల్చేయడం మామూలు. నేను ఒప్పుకోను. హక్కుల కోసం లేచి నిలబడమని 1973లో పిలుపిచ్చిన పాటను ఇద్దరూ కలిసే రాశారు. సమానత్వం వచ్చేదాకా యుద్ధమే అన్న పాటను మార్లీ ఈ కచేరీకి రెండేళ్ల ముందే పాడాడు. తేడా ఆలోచనలో కాదు, ఆ రాత్రి ఎవరి తరఫున నిలబడ్డారన్నదాంట్లో ఉంది. మార్లీని పిలిచింది కాల్పులు ఆపాలనుకున్న పేటల వాళ్లు. రేపు ఉదయం తమ్ముడు వీధి దాటి పనికి వెళ్లి తిరిగి రావాలన్నది వాళ్ల కోరిక. దానికి ఇద్దరు నాయకులు అందరి ముందూ మాట ఇవ్వడం అవసరం. టాష్ మాట్లాడింది ఆ తమ్ముడికి పని ఎందుకు లేదో, ఉన్న ఇంటి కోసం తుపాకీ ఎందుకు పట్టాల్సి వచ్చిందో దాని గురించి. ఒకటి ఆ వారానికి అవసరమైన మాట, ఇంకొకటి ఆ శతాబ్దానికి.

జరిగింది చూస్తే టాష్ అనుమానమే నిజమైంది. ఇళ్లు, పనులు, కాంట్రాక్టులు పార్టీల చేతుల్లోనే ఉన్నంత కాలం కాల్పుల విరమణ అనేది ఎన్నికల మధ్య సెలవు మాత్రమే. 1979 ఫిబ్రవరిలో మాసప్ పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. 1980లో మార్షల్‌ను న్యూయార్క్‌లో ఎవరో చంపారు. ఒప్పందం చేసుకున్న ఇద్దరూ లేరు, ఒప్పందమూ లేదు. ఆ ఏడాది అక్టోబరు 30న ఎన్నికలు జరిగి 60 స్థానాల్లో 51 గెలిచి సియాగా ప్రధాని అయ్యాడు. అప్పటికి మార్లీ శరీరమంతా క్యాన్సర్ పాకింది. కాలి బొటనవేలి దగ్గర మొదలైన మెలనోమా అది. 1981 మే 11న మయామీలో చనిపోయేనాటికి ఆయన వయసు 36. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి, ప్రధాని హోదాలో సియాగానే ప్రసంగించాడు. టాష్‌ను 1987 సెప్టెంబరు 11న ఆయన ఇంట్లోనే దోపిడీకి వచ్చిన వాళ్లు కాల్చి చంపారు. గ్యారిసన్లు మాత్రం బతికే ఉన్నాయి. 2010 మేలో టివోలీ గార్డెన్స్ ముఠా నాయకుడు క్రిస్టఫర్ కోక్‌ను పట్టుకుని అమెరికాకు అప్పగించడానికి సైన్యం, పోలీసులు ఆ కాలనీలోకి దూరినప్పుడు దాదాపు 70 మంది పౌరులు చనిపోయారు. 1960లలో బుల్డోజర్లు నడిచిన అదే నేల.

అలాగని పాట చేతకానిదని తేల్చేస్తే ఆఫ్రికాలో జరిగింది లెక్కలోకి రాదు. 1979లో మార్లీ ‘సర్వైవల్’ ఆల్బమ్ తెచ్చాడు. అట్ట మీద ఆఫ్రికా దేశాల జెండాలు. రొడీషియా పేరుతో ఏళ్ల తరబడి తెల్లవారి మైనారిటీ పాలన సాగిన దేశాన్ని అక్కడి పోరాటయోధులు పిలుచుకునే జింబాబ్వే అన్న పేరుతోనే పిలుస్తూ అందులో ఒక పాట ఉంది. ఆ యోధులు అడవుల్లో ఆ క్యాసెట్లు వినేవారు. 1980 ఏప్రిల్‌లో స్వాతంత్ర్య వేడుకలకు ఆహ్వానం రాగానే మార్లీ స్పీకర్లు, వాద్యాలు, మనుషులను తన సొంత ఖర్చుతో ఖండాలు దాటించి ఆ దేశ రాజధానిలోని రూఫారో స్టేడియానికి చేర్చాడు. అప్పటి బ్రిటన్ యువరాజు ఛార్లెస్ లోపల కూర్చున్నాడు. లోపలికి రానివ్వని జనం గేట్ల దగ్గర తోసుకురాగా పోలీసులు బాష్పవాయువు వదిలారు, అది వేదిక మీదికీ వచ్చింది. మరుసటి రోజు బయట ఉండిపోయిన వాళ్ల కోసం మళ్లీ పాడాడు. జమైకాలో ఒకే వర్గం పేదలు రెండుగా చీలి ఒకరినొకరు చంపుకుంటుంటే పాట వాళ్లను కాసేపు ఆపగలిగింది, అంతే. ఎదుటివాడు ఎవరో స్పష్టంగా ఉన్న చోట, అప్పటికే కదులుతున్న ఉద్యమానికి అదే పాట ఊపిరి అయింది.

సమానత్వం గురించి ఇంత పాడిన సంగీతం ఆడవాళ్ల దగ్గర చాలా వరకు మౌనంగా ఉండిపోయిందని కూడా చెప్పుకోవాలి. రాస్తఫారీ ఆచారాల్లో పురుషుడిదే పెద్దరికం. రికార్డింగ్ స్టూడియోల్లో డబ్బూ నిర్ణయమూ మగవారివే. మార్లీ వెనక గొంతు కలిపిన ఐ త్రీస్ బృందంలో రీటా మార్లీ, మార్షియా గ్రిఫిత్స్, జూడీ మోవాట్ ముగ్గురూ వేదిక ముందు నిలబడగల గాయనులే. జూడీ మోవాట్ ‘బ్లాక్ ఉమన్’ ఆల్బమ్‌ను తానే నిర్మించి విడుదల చేశాక గానీ రెగేలో స్త్రీ తన బరువు తానే చెప్పుకునే పాటకు చోటు రాలేదు. దాన్ని తెలిసినవాళ్లు రెగేలోని గొప్ప రికార్డుల్లో ఒకటిగా లెక్కిస్తారు, టీషర్టు మీద మాత్రం వేయరు.

టీషర్టు బొమ్మ ఎలా తయారైందో కూడా తెలిసిందే. మార్లీ పోయాక మూడేళ్లకు, 1984లో, కంపెనీ ఆయన పాటలు ఏరి ‘లెజెండ్’ పేరుతో విడుదల చేసింది. అమెరికా, ఐరోపాల్లోని తెల్లజాతి శ్రోతలు జంకకుండా కొనేలా ఉండాలని ఆలోచించి పాటలు ఎంచారు. ప్రేమ పాటలు, ఓదార్పు పాటలు ఎక్కువగా చేరాయి. ‘వార్’ ఉన్న ఆల్బమ్ నుంచి ఒక్క పాట లేదు, ‘సర్వైవల్’ నుంచీ ఒక్కటి లేదు. రెగే చరిత్రలో అంతగా అమ్ముడుపోయిన రికార్డు మరొకటి రాలేదు, కోట్లమంది మార్లీని అందులోనే మొదటిసారి విన్నారు, చాలామంది అక్కడే ఆగిపోయారు. తప్పంతా కంపెనీదే అనను. ఆ పాటలూ ఆయనవే, మనస్ఫూర్తిగా పాడినవే. కానీ ఎంపికలో తీసేసినవి ఒక వరసలో పెట్టి చూస్తే, ఎవరికి ఏది వినడం ఇష్టం లేదో తేటతెల్లమవుతుంది.

మొదటిసారి వినాలనుకునేవారు నా మాట వింటే ‘లెజెండ్’ను చివరికి ఉంచుకోండి. ‘సర్వైవల్’ మొత్తం ఒకసారి, ఆ వెంటనే టాష్ ‘ఈక్వల్ రైట్స్’, తర్వాత జూడీ మోవాట్. జమైకా యాస మొదట్లో చిక్కు పెడుతుంది. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వింటే రెండో పాటకే అలవాటవుతుంది. 1978 కచేరీలో టాష్ ప్రసంగంతో సహా ఆయన పాడిన భాగమంతా రికార్డుగా దొరుకుతుంది. ముందు అది విని, ఆ పైన మార్లీ చేతులు కలిపించిన దృశ్యం చూడండి.